నడుస్తున్న పాత సాఫ్ట్‌వేర్‌ను ఆపకుండా కొత్తగా మార్చడం ఎలా

పదిహేనేళ్లుగా నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఒకటి మీ చేతికి వచ్చిందనుకుందాం. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. డాక్యుమెంట్లు ఉన్నాయి గానీ వాటిలో ఉన్నదానికీ కోడ్ చేస్తున్నదానికీ పొంతన లేదు. ఒకచోట మారిస్తే ఏ సంబంధమూ లేని ఇంకోచోట విరుగుతోంది. అయినా రోజూ పని జరుగుతూనే ఉంది, జీతాలో బిల్లులో దాని మీదే వెళ్తున్నాయి. ఇలాంటి కోడ్ తెరిచిన ఎవరికైనా మొదట తోచేది ఒక్కటే: ఇదంతా అవతల పారేసి మళ్లీ మొదటి నుంచి రాసేద్దాం.

అక్కడే ఆగండి. 1997లో వెర్షన్ 4 విడుదల చేసిన నెట్‌స్కేప్, ఆ తర్వాత తన బ్రౌజర్‌ను దాదాపు మొదటి నుంచి రాయడానికి పూనుకుంది. వెర్షన్ 5 అసలు రానేలేదు. 6 వచ్చేసరికి 2000 నవంబరు అయింది. ఈలోగా మార్కెట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ చేతికి పోయింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ అవతలివాడు కొత్త వెర్షన్లు ఇస్తూ పోతుంటే మనం ఏళ్ల తరబడి ఏమీ ఇవ్వలేకపోవడం ఏ ఉత్పత్తికైనా ప్రాణాంతకమే.

పాత కోడ్‌లో విలువైనది దాని భాషా కాదు, ఫ్రేమ్‌వర్కూ కాదు. ఇన్నేళ్లలో ఎవరెవరికో ఎదురైన చిక్కులకు అందులో చేరిన జవాబులు. అర్థం లేనట్టు కనిపించే చాలా షరతుల వెనక ఎప్పుడో వచ్చిన ఒక ఫిర్యాదు ఉంటుంది. తిరగరాస్తే ముందు పోయేది అదే. కాబట్టి అది ఇప్పుడు ఏం చేస్తోందో ముందు పట్టుకోవాలి. ఆ తర్వాతే మార్చాలి, అదీ చిన్న ముక్కలుగా, ఎక్కడ తేడా వచ్చినా వెనక్కి రాగలిగేలా. కింది మెట్లన్నీ ఈ వరసలోనే ఉంటాయి.

1. ఎందుకు మారుస్తున్నారో ఒక పేజీలో రాయండి

"పాతదైపోయింది" అన్నది కారణం కాదు. భద్రతా సవరణలు రావడం ఆగిపోయింది అన్నది కారణం. పైథాన్ 2కి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది, దాని మీద నడిచే ప్రోగ్రాముకు అది గట్టి కారణమే. చిన్న మార్పు విడుదల చేయడానికి నెల పడుతోంది, ఆ భాష తెలిసినవాళ్లు ఒక్కరే మిగిలారు, సర్వర్ పోతే విడిభాగాలు దొరకవు... ఇలా కొలవగలిగేవి, చూపించగలిగేవి రాయండి.

కారణాలు దొరకకపోతే గత ఏడాది టికెట్లు (ఫిర్యాదులు, మార్పుల కోరికల నమోదులు) తీయండి. నిర్వహణ పనిని సరిదిద్దేది, పరిసరాలకు అనుగుణంగా మార్చేది, మెరుగుపరిచేది, ముందుజాగ్రత్తగా చేసేది అని నాలుగు రకాలుగా విడదీసే పద్ధతి ఒకటుంది. సాఫ్ట్‌వేర్ నిర్వహణకు ఉన్న 14764 అనే ఐఎస్ఓ ప్రమాణం 2006 కూర్పులోనూ ఈ విభజన కనిపిస్తుంది. ప్రతి టికెట్‌కూ ఈ నాలుగింటిలో ఒక ముద్ర వేసి, ఏ మాడ్యూల్‌కు (కోడ్‌లోని ఏ భాగానికి) ఎన్ని వచ్చాయో చూడండి. సాధారణంగా తప్పులన్నీ రెండు మూడు మాడ్యూళ్ల దగ్గరే పోగై ఉంటాయి. మిగతావి ఏళ్లుగా ఎవరూ ముట్టుకోకుండా, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా నడుస్తుంటాయి. అలాంటివాటిని కదపకండి. దేన్ని వదిలేయాలో తేల్చుకోవడం కూడా ఈ పనిలో భాగమే, పైవాళ్లను ఒప్పించడానికి అన్నిటికంటే కష్టమైన భాగం కూడా అదే.

2. ఉన్నదంతా లెక్క తేల్చండి

కోడ్ రిపాజిటరీ (కోడ్ దాచే చోటు) ఒక్కటే సాఫ్ట్‌వేర్ అనుకుంటే మొదటికే మోసం వస్తుంది. రాత్రి పూట నడిచే క్రాన్ జాబులు, డేటాబేస్ లోపల దాక్కున్న చిన్న ప్రోగ్రాములు (ట్రిగ్గర్లు, స్టోర్డ్ ప్రొసీజర్లు), ఎఫ్‌టీపీలో వచ్చి పడే ఫైళ్లు, ఎవరో తమ కంప్యూటర్లో పెట్టుకున్న ఎక్సెల్ మాక్రో, నేరుగా టేబుల్ చదివేసే పక్క టీమువాళ్ల రిపోర్టు: ఇవన్నీ కలిస్తేనే మీ సిస్టం. వీటిలో కొన్ని కోడ్ చదివితే తెలియవు. డేటాబేస్ కనెక్షన్ల లాగ్, వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్ కనీసం ఒక నెల చివర్నీ ఒక త్రైమాసికం చివర్నీ కలుపుకొని చూడండి.

ఆ తర్వాత దాన్ని వాడేవాళ్ల దగ్గర కూర్చోండి. "ఇది ఏం చేస్తుంది?" అని అడిగితే మాన్యువల్‌లో ఉన్నదే చెబుతారు. "ఇది సరిగ్గా చేయనప్పుడు మీరేం చేస్తారు?" అని అడగండి. అసలు నియమాలు అప్పుడు బయటపడతాయి.

వాడుతున్న లైబ్రరీల (ఇతరులు రాసిపెట్టిన కోడ్‌ల) జాబితా కూడా కావాలి, వెర్షన్ నంబర్లతో సహా, పరోక్షంగా వచ్చి చేరినవాటితో సహా. 2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీలో తీవ్రమైన లోపం బయటపడినప్పుడు సవరణ త్వరగానే వచ్చింది. అసలు ఆ లైబ్రరీ తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో కనుక్కోవడమే చాలామందికి పెద్ద పనైంది. సైక్లోన్‌డీఎక్స్, ఎస్‌పీడీఎక్స్ అనే ఫార్మాట్లు ఈ జాబితా కోసమే ఉన్నాయి. చేత్తో రాయకండి, బిల్డ్ (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాం తయారవడం) జరిగిన ప్రతిసారీ దానంతటదే తయారయ్యేలా పెట్టండి.

3. ఒక్క కమాండ్‌తో బిల్డ్ అవ్వాలి

ఇది చిన్న మెట్టులా కనిపిస్తుంది గానీ దీన్ని దాటేస్తే ముందుకు పోలేరు. కోడ్ మొత్తం గిట్‌లోకి, అంటే ప్రతి మార్పు చరిత్రనూ దాచే పరికరంలోకి తేండి. ఎస్‌వీఎన్ అనే అలాంటి పాత పరికరంలో ఉంటే చరిత్రతో సహా తేండి, ఒక్కో మార్పుతో (కమిట్‌తో) రాసిన ఆ సందేశాలే రేపు మీకు దిక్కు. కొత్త మెషీన్ మీద, ఎవరి సాయమూ లేకుండా, ఒక్క కమాండ్‌తో బిల్డ్ అయ్యేదాకా వదలకండి. అయ్యాక, వచ్చిన ప్రోగ్రామూ ప్రొడక్షన్‌లో (నిజంగా వాడకంలో) ఉన్న ప్రోగ్రామూ ఒకేలా పనిచేస్తున్నాయో లేదో చూడండి. ఎవరో అర్ధరాత్రి ప్రొడక్షన్‌లోనే ఫైలు మార్చేసి రిపాజిటరీలో చేర్చడం మర్చిపోయిన సందర్భం ఇక్కడే దొరుకుతుంది.

4. ఉన్న ప్రవర్తనను టెస్టులుగా పట్టుకోండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మామూలు టెస్టు "ఏం రావాలి" అని అడుగుతుంది. ఇప్పుడు మీకు కావలసిన టెస్టు "ప్రస్తుతం ఏం వస్తోంది" అని అడిగేది. ప్రొడక్షన్ నుంచి నిజమైన ఇన్‌పుట్‌లు తీసుకోండి, పేర్లు, ఫోన్ నంబర్ల లాంటి వ్యక్తిగత వివరాలు చెరిపేయండి, పాత ప్రోగ్రాముకు ఇచ్చి వచ్చిన ఫలితాన్ని అలాగే ఫైల్లో దాచండి. మార్పు చేసిన ప్రతిసారీ అదే ఇన్‌పుట్ ఇచ్చి కొత్త ఫలితాన్ని దాచినదానితో పోల్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా టెస్టు ఫెయిల్ కావాలి.

ఇంత పట్టింపు ఎందుకో చూడండి. బిల్లు లెక్కగట్టే ఒక ఫంక్షన్‌ను పైథాన్ 2 నుంచి 3కి తెస్తున్నారనుకోండి. కోడ్‌లో ఏడును రెండుతో భాగించే లైను ఉంది, రెండూ పూర్ణాంకాలే. పాతదానిలో జవాబు 3, కొత్తదానిలో 3.5. ఇది తెలిసిందే, చాలామంది సరిచేసుకుంటారు. దాని కింది లైన్లో రౌండ్ ఫంక్షన్ ఉంది. 2.5 ఇస్తే పైథాన్ 2 మూడు అంటుంది. పైథాన్ 3 రెండు అంటుంది, ఎందుకంటే సరిగ్గా సగం వచ్చినప్పుడు అది దగ్గరి సరిసంఖ్య వైపు వెళ్తుంది. 3.5కు రెండూ నాలుగే ఇస్తాయి. కాబట్టి నాలుగైదు బిల్లులు కంటితో చూసి "అంతా సరిగ్గానే ఉంది" అనుకునే అవకాశం బాగా ఉంది. ఎర్రర్ ఏమీ రాదు, ప్రోగ్రాం ఆగదు, నెల చివర మొత్తం మాత్రం కొంచెం తేడా వస్తుంది. దాచిపెట్టిన ఫలితాలతో పోల్చితే ఇది మొదటి రోజే దొరుకుతుంది.

కోబాల్ అనే పాత భాష నుంచి వచ్చేవాళ్లకు ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంటుంది. అక్కడ డబ్బు దశాంశంగానే నిల్వ ఉంటుంది, రౌండ్ చేయమని చెప్పకపోతే మిగిలిన అంకెల్ని కోసేస్తుంది. దాన్ని జావాలో డబుల్‌గా, అంటే దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే రకంలో రాస్తే లెక్క ఎప్పటికీ కలవదు. దశాంశాల్ని ఉన్నవి ఉన్నట్టు దాచే బిగ్‌డెసిమల్ వాడండి, రౌండింగ్ పద్ధతిని ప్రతిచోటా స్పష్టంగా రాయండి.

ఈ దశలో బగ్ కనిపిస్తే సరిచేయకండి. చేతులు దురద పెడతాయి, అయినా వద్దు. నోట్ చేసుకుని, తప్పు ఫలితాన్నే టెస్టులో పెట్టండి. ఎక్సెల్ ఇప్పటికీ 1900ను లీపు సంవత్సరంగానే లెక్కిస్తుంది, నిజానికి కాదు. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్‌లో ఉన్న ఆ తప్పును ఫైళ్లు అటూ ఇటూ సరిగ్గా తెరుచుకోవాలని కావాలనే ఉంచారు, తర్వాత ఇక తీయలేకపోయారు. మీ సిస్టంలో బగ్ అనుకున్నదాని మీద కూడా అవతల ఎవరో ఆధారపడి ఉండొచ్చు. అది తేలాక, వేరే విడుదలలో, అందరికీ చెప్పి మార్చండి.

టెస్టులు నిలకడగా ఉండాలంటే ప్రోగ్రాం చూసే ఈరోజు తేదీ, యాదృచ్ఛిక సంఖ్యలు మీ అదుపులో ఉండాలి. వరుస చెప్పకుండా డేటాబేస్ నుంచి తెచ్చిన జాబితాలు ఒక్కోసారి ఒక్కోలా వస్తాయి, పోల్చే ముందు వాటిని ఒక క్రమంలో పెట్టుకోండి.

కోడ్ వెనకున్న ఊహల్ని కూడా రాసి పెట్టుకోండి. 1996 జూన్ 4న మొదటిసారి ఎగిరిన ఏరియాన్ 5 రాకెట్, బయల్దేరిన 40 సెకన్లలోపే దారి తప్పి పేలిపోయింది. ఏరియాన్ 4లో చక్కగా పనిచేసిన కోడ్‌నే అందులో పెట్టారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ, 64 బిట్ల ఒక విలువను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే పట్టలేదు. ఆ కోడ్ తప్పు కాదు, దాని హద్దు 32,767 అని కొత్త చోట ఎవరూ చూడలేదు, అంతే. యథాతథంగా తరలిస్తున్నాం కాబట్టి భయం లేదు అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

5. మార్చే ముందు కోడ్‌ను వదులు చేయండి

టెస్టులు ఉన్నాయి కాబట్టి ఇప్పుడు చెయ్యి పెట్టొచ్చు. డేటాబేస్‌తో మాట్లాడే కోడ్, లెక్కలు కట్టే కోడ్, తెర మీద చూపించే కోడ్ ఒకే ఫంక్షన్లో కలిసిపోయి ఉంటే వాటిని విడదీయండి. ఒక నియమం గట్టిగా పాటించండి: రూపం మార్చే కమిట్, ప్రవర్తన మార్చే కమిట్ ఎప్పుడూ వేర్వేరుగా ఉండాలి. రెండూ కలిపేస్తే రివ్యూ చేసేవాళ్లకు ఏమీ కనపడదు.

ఎవరూ వాడని కోడ్‌ను కామెంట్‌లో పెట్టకుండా పూర్తిగా తీసేయండి. గిట్‌లో ఎలాగూ ఉంటుంది. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ కొత్త కోడ్ పెట్టింది. దాన్ని ఆన్ చేయడానికి కొత్త ఫ్లాగ్ (ఆన్, ఆఫ్ చేసే గుర్తు) పెట్టకుండా, ఏళ్ల కిందటే వాడటం మానేసిన ఒక ఫంక్షన్ తాలూకు ఫ్లాగ్‌నే మళ్లీ వాడారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. ఆ ఒక్క సర్వర్‌లో పాత ఫంక్షన్ నిద్ర లేచి ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపింది. ముప్పావు గంటలో పోయింది 44 కోట్ల డాలర్లకు పైనే. పాత కోడ్ తీసేసి ఉన్నా, ఫ్లాగ్ కొత్తది పెట్టినా, అన్ని సర్వర్లలో ఒకే వెర్షన్ ఉందో లేదో యంత్రమే తనిఖీ చేసినా, ఈ మూడింట్లో ఏ ఒక్కటి జరిగినా అంత నష్టం జరిగేది కాదు.

6. ముక్క తర్వాత ముక్క మార్చండి

పాత సిస్టం ముందు ఒక పొర పెట్టండి, ప్రాక్సీ కావచ్చు, ఏపీఐ గేట్‌వే కావచ్చు. మొదట్లో అది వచ్చిన ప్రతి రిక్వెస్టునూ పాతదానికే పంపుతుంది. తర్వాత ఒక్కో పనిని కొత్తగా రాసి, ఆ ఒక్క దారిని కొత్తదానికి తిప్పుతారు. తేడా వస్తే మళ్లీ పాతదానికి తిప్పడం ఒక్క సెట్టింగ్‌తో అయిపోవాలి. సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2004లో దీన్ని స్ట్రాంగ్లర్ ఫిగ్ అనే చెట్టుతో పోల్చారు, ఆ పేరే దీనికి స్థిరపడింది. వేరే చెట్టు మీద మొలిచి, మెల్లగా దాన్ని చుట్టేసి, చివరికి దాని చోటులో తాను నిలబడే మర్రి జాతి చెట్టు అది.

మొదటి ముక్కగా దేన్ని ఎంచుకోవాలి? మరీ పనికిరానిది వద్దు, గుండెకాయ లాంటిదీ వద్దు. డేటా చదవడమే తప్ప రాయనిది, అయినా నలుగురూ రోజూ వాడేది చూసుకోండి. ఏదైనా రిపోర్టు గానీ, వెతికే పేజీ గానీ సరిపోతుంది. దాని వల్ల కోడ్ ఎంత మారిందన్నది కాదు ముఖ్యం. కొత్త దారిలో బిల్డ్, డిప్లాయ్, లాగ్‌లు, అలర్టులు, వెనక్కి రావడం అన్నీ ఒకసారి నిజంగా జరిగి చూపిస్తాయి.

తిప్పే ముందు కొన్నాళ్లు రెండింటినీ పక్కపక్కనే నడపండి. రిక్వెస్టు రెండింటికీ వెళ్తుంది, వాడేవాళ్లకు పాతదాని జవాబే అందుతుంది, కొత్తదాని జవాబును పోల్చి తేడాల్ని లాగ్ చేస్తారు. గిట్‌హబ్ ఇందుకోసమే సైంటిస్ట్ అనే రూబీ లైబ్రరీ తయారు చేసుకుని బయటికి ఇచ్చింది, వేరే భాషల్లోనూ దాని రూపాలు ఉన్నాయి. ఒక జాగ్రత్త: ఈమెయిల్ పంపడం, డబ్బు కోయడం లాంటి పనులు రెండుసార్లు జరగకుండా కొత్తదాని చేతులు కట్టేయండి.

తేడాలు ఆగాక నూటికి ఒకరితో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఒకే వారాంతంలో మొత్తం మార్చేద్దామని ఎవరైనా ఒత్తిడి చేస్తే బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు సంగతి గుర్తుచేయండి. 2018 ఏప్రిల్‌లో అది తన ఖాతాదారులందరినీ ఒకేసారి కొత్త ప్లాట్‌ఫాం మీదికి మార్చింది. 19 లక్షల మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. అన్నీ మామూలు కావడానికి నెలలు పట్టింది, 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి.

ఏఐ పరికరాలతో కోబాల్ మొత్తాన్ని జావాలోకి మార్చేయొచ్చు కదా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. పాత కోడ్‌ను చదివి వివరించడానికి అవి బాగా పనికొస్తాయి, వాడుకోండి. కానీ అవి రాసిన కోడ్ కూడా నాలుగో మెట్టులో మీరు దాచిన ఫలితాల పరీక్ష నెగ్గాల్సిందే. ఆ ఫలితాలు లేనివాళ్లకు అర్థంకాని పాత కోడ్ పోయి అర్థంకాని కొత్త కోడ్ వస్తుంది.

7. డేటాను తొందరపడి ముట్టుకోకండి

కోడ్ తప్పయితే వెనక్కి తీసుకోవచ్చు, డేటా పాడైతే కష్టం. ఉదాహరణకు తేదీలు అక్షరాలుగా, రెండంకెల సంవత్సరంతో నిల్వ ఉన్న ఒక కాలమ్ ఉందనుకోండి. దాన్ని అసలైన తేదీ రకంలోకి మార్చాలి. ఉన్న కాలమ్‌ను మార్చకండి, పక్కన కొత్త కాలమ్ చేర్చండి. తర్వాత, రాసే ప్రతిచోటా రెండింటిలోనూ రాసేలా కోడ్ విడుదల చేయండి. ఆ తర్వాత పాత వరుసల్ని వెయ్యేసి చొప్పున నింపుకుంటూ రండి. అన్నీ నిండి, రెండూ సరిపోలాయని తేలాక చదవడం కొత్తదాని నుంచి మొదలుపెట్టండి. పాత కాలమ్‌ను తీసేయడం చిట్టచివరి విడుదలలో. ప్రతి అడుగుకూ మధ్య ఆగొచ్చు, వెనక్కి రావచ్చు.

నింపేటప్పుడు ఏమేం దొరుకుతాయో ముందే ఊహించండి. 01/02/03 అంటే ఏ రోజు? రాసిన ప్రోగ్రామును బట్టి మూడు జవాబులు ఉండొచ్చు. 99/99/99 అంటే "ఇంకా ముగియలేదు" అని ఎవరో పెట్టుకున్న గుర్తు కావచ్చు. ఇవన్నీ తేల్చాక కొత్తదానిలో తేదీల ప్రమాణమైన ఐఎస్ఓ 8601 ప్రకారం సంవత్సరం, నెల, రోజు క్రమంలోనే ఇచ్చిపుచ్చుకోండి. సమయాన్ని 32 బిట్ల సెకన్లుగా దాచినచోట్లను కూడా ఇప్పుడే పట్టుకోండి, ఆ లెక్క 2038 జనవరి 19తో నిండిపోతుంది. ఇరవై ఏళ్ల గడువు ఉన్న ఒప్పందాల తేదీలు లెక్కగట్టే ప్రోగ్రాములకు ఆ రోజు ఇప్పటికే వచ్చేసింది.

అక్షరాల విషయంలో, అన్ని భాషల లిపుల్నీ దాచగలిగే యూటీఎఫ్-8కి మారండి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో మాత్రం యూటీఎఫ్8 అని పెట్టుకున్న పాత టేబుళ్లు అక్షరానికి మూడు బైట్లే దాచగలవు, నాలుగు బైట్లు కావాల్సిన ఎమోజీలు అందులో పట్టవు. యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకోండి.

తరలింపు అయ్యాక వరుసల సంఖ్య ఒక్కటే సరిపోల్చి ఊరుకోకండి. నెలవారీగా, రకంవారీగా మొత్తాలు తీసి రెండు వైపులా కలుస్తున్నాయో చూడండి.

8. ప్రమాణాలు కొన్నే పెట్టండి, యంత్రంతో పాటించేలా చేయండి

యాభై పేజీల కోడింగ్ ప్రమాణాల పత్రం ఎవరూ చదవరు. ఫార్మాటర్ (కోడ్ అమరికను సరిచేసేది), లింటర్ (అనుమానించాల్సిన కోడ్‌ను చూపేది), టెస్టులు, లైబ్రరీల లోపాల తనిఖీ: ఈ నాలుగూ ప్రతి మర్జ్‌కు (మార్పును అసలు కోడ్‌లో కలపడానికి) ముందు వాటంతటవే నడవాలి. ఏది ఫెయిలైనా మర్జ్ ఆగాలి. మిగతాది రివ్యూలో మనుషులు చూసుకుంటారు.

పాత కోడ్ మీద లింటర్ మొదటిసారి నడిపితే వేలల్లో హెచ్చరికలు వస్తాయి. అన్నీ సరిచేయాలని కూర్చుంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టే. ఉన్నవాటిని ఒక ఫైల్లో నమోదు చేసి, కొత్తవి చేరకుండా మాత్రం అడ్డుకోండి. మార్చిన ఫైళ్లలో మాత్రమే పాతవి సరిచేయండి. కోడ్ అంతటినీ ఒకేసారి ఫార్మాట్ చేయాల్సి వస్తే దాన్ని విడిగా ఒకే కమిట్‌గా పెట్టండి. ఏ లైను ఎవరు మార్చారో చెప్పే బ్లేమ్ చూసేటప్పుడు ఆ కమిట్‌ను వదిలేయమని గిట్‌కు చెప్పే సదుపాయం 2019 నుంచి ఉంది.

ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా అర పేజీ నోట్ రాసి కోడ్ పక్కనే ఉంచండి: సమస్య ఏమిటి, ఏం ఎంచుకున్నారు, దేన్ని కాదన్నారు, ఎందుకు. మీ కోడ్ కూడా ఎప్పుడో ఒకరి చేతికి పాతదిగానే వెళ్తుంది.

9. పాతదాన్ని నిజంగా ఆపండి

చాలా ప్రాజెక్టులు ఇక్కడే ఆగిపోతాయి. నూటికి తొంభై పాళ్లు కొత్తదానికి వచ్చేస్తుంది, మిగిలిన పదికోసం పాతదీ నడుస్తూనే ఉంటుంది, ఖర్చు రెట్టింపవుతుంది. కాబట్టి ఆపే తేదీని మొదటి మెట్టులో రాసిన పేజీలోనే వేయండి, దానికి బాధ్యుల పేరూ రాయండి.

ఆపడం కూడా అంచెలంచెలుగానే. ముందు పాతదానిలో రాయడం ఆపి, చదవడానికి మాత్రమే ఉంచండి. యాక్సెస్ లాగ్‌లో ఇంకా ఎవరు వస్తున్నారో చూసి ఒక్కొక్కరినీ పట్టుకోండి. తర్వాత డేటా చెరపకుండా ఒక రోజు, ఆ తర్వాత ఒక వారం సర్వర్ ఆపి చూడండి. ఎవరూ ఫోన్ చేయకపోతే మంచిదే, కానీ సంవత్సరాంతపు లెక్కల జాబు కొత్తదానిలో ఒకసారి సరిగ్గా నడిచేదాకా పాతదాన్ని తుడిచేయకండి. ఏడాదికి ఒక్కసారే నడిచే జాబు ఏ నెలవారీ లాగ్‌లోనూ కనిపించదు.

అదీ దాటాక, చట్టప్రకారం ఎన్నేళ్లు దాచాలో అన్నేళ్లకు డేటాను సాదా ఫార్మాట్లో ఆర్కైవ్ చేసి, దాన్ని మళ్లీ తెరిచి చదవగలుగుతున్నారో లేదో ఒకసారి చూసుకోండి. డేటాబేస్ పాస్‌వర్డులు, సర్వీస్ ఖాతాలు, ఫైర్‌వాల్‌లో తెరిచిన పోర్టులు, లైసెన్సులు, డీఎన్ఎస్ ఎంట్రీలు రద్దు చేయండి. ఆరో మెట్టులో పెట్టిన పొరలో పాతదానికి వెళ్లే దారులు, కొత్తదానిలో పాత ఫార్మాట్ల కోసం రాసిన అనువాద కోడ్, పోలిక కోసం పెట్టిన ఫ్లాగ్‌లు కూడా అదే వారంలో తీసేయండి.